దుర్గ కట్టిన కరెంటు హార్మోనియం

మండపేటలో రైసుమిల్లుల వరుస దాటి మార్కెట్టు వైపు తిరిగే మలుపులో నాగదుర్గ కొట్టు. కొట్టంటే పెద్ద హంగేమీ లేదు. ఒక చెక్కబల్ల, దాని మీద పొట్టలు విప్పుకుని పడుకున్న రేడియోలు, గోడ మేకులకి వేలాడే టేప్‌రికార్డర్ల మూతలు, వెనక వసారాలో ఊకపొయ్యి. ఆ పొయ్యి దగ్గర ఆమె తండ్రి పగలంతా చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు.

వెనకటికి ఆయన ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాడు. చిన్నప్పుడు దుర్గ ఆయన వెంట నడిచి తోలుతిత్తి ఊదేది. స్టీలు గిన్నెలొచ్చి ఇత్తడి అటకెక్కింది. తండ్రి సంచీ మూలపడింది. మిల్లులున్న ఊళ్ళో కరెంటు నిలకడగా ఉండదు కాబట్టి స్టెబిలైజర్లకి గిరాకీ బాగా ఉండేది. వాటిని తయారుచేసే షెడ్డులో రాగితీగ చుట్టే పనికి దుర్గ కుదిరింది. తీగ చుట్టేది అక్కడ అందరూ ఆడవాళ్ళే. చుట్టిన చుట్ట ఎక్కడికెళ్తుంది, ఎందుకెళ్తుంది, వెళ్ళి ఏం చేస్తుంది అని అడిగేది మాత్రం దుర్గ ఒక్కతే. అడగ్గా అడగ్గా స్టెబిలైజరు తెలిసింది, దాని వెనకే రేడియో తెలిసింది. పెళ్ళయి, భర్త లారీ మీద వెళ్ళేవాడు కావడంతో పగళ్ళు ఖాళీగా ఉండి, సొంతంగా కొట్టు పెట్టుకుంది. మాటలు తక్కువ. ఎవరైనా రేడియో తెచ్చి దానికి వచ్చిన జబ్బు గురించి కథలా చెప్పబోతే, "అక్కడ పెట్టి వెళ్ళండి, అదే చెప్పుద్ది" అనేది.

తొంభై ఆరు తుపాను తర్వాతి ఏడు, వానాకాలంలో, ఆ కొట్టు ముందు ఒక రిక్షా ఆగింది. అందులోంచి చంద్రరావు మాస్టారు దిగాడు. దిగాడనడం కంటే భార్య మాణిక్యాంబ దింపింది అనాలి. ఆయన ఎడమ చెయ్యి, ఎడమ కాలు పక్షవాతానికి పోయాయి. వెనకాలే రిక్షావాడు ఒక హార్మోనియం మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

చంద్రరావుని ఎరగనివాళ్ళు ఆ చుట్టుపక్కల తక్కువ. పద్యనాటకాల సమాజానికి ఆయనే హార్మోనిస్టు. నటుడు రాగం తీస్తూ ఎటు పోతే ఆయన వేళ్ళు అటు పోయేవి, తప్పిపోయిన నటుణ్ణి చెయ్యి పట్టుకుని మళ్ళీ దారిలోకి తెచ్చేవి కూడా. కానీ హార్మోనియానికి ఒక చెయ్యి మీటల మీద ఉంటే రెండోది తిత్తి మీద ఉండాలి. స్టేజీ మీది పెద్ద హార్మోనియానికైతే రెండు కాళ్ళతోనూ తొక్కాలి. జబ్బు చేసి లేచాక ఆయనకి మిగిలింది కుడిచెయ్యి, కుడికాలు.

"తిత్తి ఇంకెవరైనా ఊపొచ్చు కదండి?" అంది దుర్గ.

"ఊపించి చూశానమ్మాయ్. ఈవిడే ఊపింది. పద్యం మధ్యలో తాలింపు గుర్తొస్తే చాలు, గాలి ఆగిపోతాది."

"ఆహా! మీ పద్యం వింటా కూర్చుంటే పప్పు మాడిపోదాండీ?" అంది మాణిక్యాంబ. "నా చేతులు లాగేస్తున్నాయన్న సంగతి చెప్పరే?"

చంద్రరావు నవ్వి, మళ్ళీ తనే అన్నాడు: "నవ్వుకి అన్నాను గానీ, వేరేవాళ్ళు గాలి పోస్తే అది నా మాట వేరేవాడి నోట్లోంచి వచ్చినట్టుంటాది. కీబోర్డు కూడా తెచ్చి చూపించారు. దాని స్వరాలు దానివి. నేను గాంధారం ఒక్క వెంట్రుకవాసి దించి పెట్టుకుంటాను. లోపలి ఇత్తడి రీడు గీకి గీకి కుదుర్చుకున్నాను నలభై ఏళ్ళుగా. గొంతు అక్కడ హాయిగా కూర్చుంటాది. దాంట్లో గీకడానికి ఏముంది? నువ్వు బడిపిల్లలకి కూత కూసే కరెంటు బొమ్మలు చేసిస్తావంట గదా. ఆ కూతని నా మీటల్లోకి ఎక్కించగలవా? రీడ్లు తీసెయ్, తిత్తి తీసెయ్, నీ ఇష్టం. మీటల జోలికి మాత్రం రాకు."

దుర్గ మూత తీసి మీటల కింద చాలాసేపు చూసింది. "అవుద్దండి" అంది.

సైన్సు ఫెయిర్లకి ఆమె చేసిచ్చే సైరన్ లో ఉండేది ఎనిమిది కాళ్ళ చిన్న ఐసీ ఒకటి, కెపాసిటర్ ఒకటి, రెసిస్టర్లు. దుర్గ దాన్ని తనలో తాను వరిమడిలా అర్థం చేసుకుంది. కెపాసిటర్ మడి. రెసిస్టర్ మడికి నీళ్ళు వదిలే తూము. మడి నిండగానే ఐసీ గట్టు తెంపి ఖాళీ చేస్తుంది, మళ్ళీ నిండుతుంది, మళ్ళీ తెంపుతుంది. సెకనుకి ఎన్నిసార్లు నిండి ఖాళీ అయితే అంత స్వరం. తూము సన్నగా ఉంటే నిదానంగా నిండి మంద్రంగా పలుకుతుంది. వెడల్పు చేస్తే స్వరం పైకి లేస్తుంది. అలాంటప్పుడు ఒక్కో మీటకీ ఒక్కో తూము పెడితే సరి. తిప్పుకుని సరిచేసుకునే ప్రీసెట్ ఒక్కోటి పెడితే, మాస్టారు రీడు గీకినట్టే స్క్రూడ్రైవర్ తో స్వరం కుదుర్చుకోవచ్చు.

రీడ్ల పలక తీసేసిన చోట కరెంటు పారని హైలం పలక బిగించింది. దాని మీద ప్రతి మీట కిందా ఒక ఇత్తడి రేకు. మీట నొక్కితే రేకు వెళ్ళి అడ్డంగా ఉన్న ఇత్తడి కడ్డీకి తగులుతుంది, ఆ స్వరం పలుకుతుంది. ఒకసారికి ఒకే స్వరం. పద్యం వెంట నడవడానికి అది చాలు. తిత్తి తీసేసిన చోట రేడియో స్పీకరు పెట్టి, గాలి బలానికి బదులు పాత కుట్టుమిషను పెడలు తెచ్చి వాల్యూముకి కట్టింది. కుడికాలితో నొక్కితే శబ్దం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది.

రేకులకి తీగలు అతికించేటప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. సోల్డరింగ్ పేస్టు రాస్తే ఇత్తడి మీద సోల్డరు పట్టలేదు, తామరాకు మీద నీళ్ళలా జారిపోయింది. దుర్గ లేచి వెళ్ళి అటక మీది తండ్రి సంచీ దించి కళాయి పట్టడానికి చల్లే నవాసాగరం చిటికెడు తీసుకుంది. ప్రతి రేకు మీదా కాస్త చల్లి ఐరన్ ఆనించింది. తెల్లటి పొగ లేచింది, సోల్డరు అద్దంలా పరుచుకుంది. వసారాలోంచి తండ్రి ఆ వాసన పసిగట్టి, "కళాయా? ఎవరివే గిన్నెలు?" అని అడిగాడు కూడా.

అన్నీ బిగించాక ఒక మధ్యాహ్నం మాస్టార్ని కూర్చోబెట్టి స్వరాలు కుదిర్చింది. ఆయన కళ్ళు మూసుకుని, "దించు... ఇంకొంచెం... అబ్బే, దాటిపోయావ్. వెనక్కి రా. ఆఁ, అక్కడ వదిలెయ్" అంటూ ఉంటే ఆమె ఒక్కో ప్రీసెట్ తిప్పింది. సాయంత్రానికి కల్యాణి రాగం వీధిలోకి వినిపించింది. మాణిక్యాంబ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున్న మాస్టారు మీట నొక్కి, చెయ్యి వేడి పెనానికి తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. "ఏంటిది? షడ్జమం ఎటు పోయింది?"

స్వరాలన్నీ పైకి జరిగిపోయాయి. దుర్గ మళ్ళీ అన్నీ తిప్పి సరిచేసింది. మధ్యాహ్నానికి అన్నీ దిగిపోయాయి. మళ్ళీ సరిచేసింది. తెల్లారేసరికి మళ్ళీ పైకి.

ఇది ఇలా నడుస్తుండగా గున్నేశ్వరరావు వచ్చాడు. సమాజంలో కృష్ణుడి వేషం ఆయనది. గొంతు ఎంత పెద్దదో మర్యాద అంత పెద్దది.

"మాస్టారండీ, ఆదివారం పొద్దున్నే రిహార్సలు పెట్టుకున్నాం. మిల్లు సెలవు కదా, షెడ్డు ఇచ్చారు. చవితి పందిట్లో ఆట మనదే." గొంతు తగ్గించాడు. "రామచంద్రపురం హార్మోనిస్టుని కూడా మాట్లాడి ఉంచారండి కమిటీవాళ్ళు. మీకు చెప్పకుండా ఉండటం తప్పని వచ్చాను. ఈసారి ఆయన కూర్చున్నాడంటే ఇక ఆయన్నే ఉంచేస్తారు. నేను ఆపలేనండి."

"నేను వస్తాను గున్నేశ్వరరావ్."

"వస్తారండి. శ్రుతి కూడా మీతో రావాలి గదండి మరి."

ఆయన వెళ్ళాక చంద్రరావు కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే సాగదీస్తూ కూర్చున్నాడు. ఈ ఆదివారం తప్పితే ఆయన మళ్ళీ సమాజంలో కూర్చోడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. దుర్గ బల్ల మీది రేడియోలన్నీ తీసి కింద పెట్టింది. మల్టీమీటరు ముందుకి లాక్కుంది.

వీధిలో అందరూ ఒకే మాట అన్నారు: పొద్దున్నే మిల్లులు మోటార్లు వేస్తాయి, వోల్టేజి పడిపోతుంది, అదే జబ్బు. వినడానికి బాగానే ఉంది. దుర్గ మీటరు తీగల మొనలు రెండూ పెట్టెకి కరెంటిచ్చే సప్లయి మీద పెట్టి, మిల్లు సైరన్ మోగి మోటార్లు లేచేదాకా అలాగే చూసింది. గదిలో బల్బు ఎర్రబడింది గానీ మీటరు ముల్లు తొమ్మిది వోల్టుల దగ్గర గుంజలా నిలబడింది. అయినా నమ్మకుండా కరెంటు తీసేసి టార్చిలైటు బ్యాటరీలు పెట్టింది. స్వరాలు అలాగే పైకి పోయి ఉన్నాయి. మిల్లుల మీద పడ్డ నింద పోయింది.

కెపాసిటర్ మార్చింది. ఐసీ మార్చింది. తేడా లేదు. ప్రీసెట్ల కాలు ఒక పక్క ఊడదీసి ఒక్కొక్కటీ కొలిచింది. పొద్దున ఎంతో మధ్యాహ్నమూ అంతే.

"విడివిడిగా అందరూ మంచోళ్ళేనండి" అంది విసుగ్గా.

"మా సమాజం కూడా అంతేనమ్మాయ్" అన్నాడు చంద్రరావు. "స్టేజీ ఎక్కితేనే తేడాలొస్తాయి."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కాస్త నెమ్మదించి, "మాస్టారూ, పొద్దున్న ఎక్కువ తప్పేది ఏవండి? కింది స్వరాలా, పైవా?" అని అడిగింది.

ఆయన మీటలు వరసగా నొక్కుకుంటూ వెళ్ళాడు. మీటరు స్వరాన్ని కొలవలేదు; దానికి ఆయన చెవే కొలత. "కింది షడ్జమం బాగా పోయింది. పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతోంది. తారస్థాయిలో ఇదిగో, దాదాపు సరిగానే ఉంది."

దుర్గ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది. కింది స్వరానివి సన్నటి తూములు. పై స్వరానివి వెడల్పువి. గట్టుకి ఎక్కడో పీత బొరియ పడి, దాంట్లోంచి కూడా మడిలోకి నీళ్ళొస్తున్నాయంటే, సన్నటి తూము ఉన్న మడే ముందుగా తేడా చూపిస్తుంది. పెద్ద తూము ఉన్నచోట బొరియ నీళ్ళు లెక్కలోకి రావు. అంటే సామాన్లలో లేదు తప్పు. సామాను లేని చోట ఉంది.

స్టెబిలైజర్ల షెడ్డులో చుట్ట పూర్తయ్యాక ఆమె రోజూ చేసిన పని ఒకటుంది. మీటరు మొన ఒకటి రాగితీగకి, ఒకటి మధ్యలోని ఇనుప కోరుకి ఆనించి చూడాలి. మీటరు కదలకూడదు. కదిలిందంటే రెండిటి మధ్యా ఎక్కడో లీకు. ఏమీ లేదని నిరూపించే కొలత అది. ఈ హార్మోనియానికి ఆ పని ఎందుకు చెయ్యలేదో ఆమెకే తెలియలేదు.

ప్రీసెట్లకి వెళ్ళే తీగలన్నీ ఊడదీసింది. ఇప్పుడు హైలం పలక మీద పక్కపక్కనే ఉన్న రెండు రేకుల మధ్య ఏ దారీ లేదు. మీటరుని ఓములకి తిప్పి, ఒక్కో రేకుకీ ఒక్కో మొన ఆనించింది. ముల్లు కదిలినట్టనిపించింది. కదల్లేదేమో అని కూడా అనిపించింది. మీటరుని అన్నిటికంటే పై రేంజికి మార్చింది. ఈసారి ముల్లు స్పష్టంగా లేచింది. వెంటనే సంబరపడలేదు. వేళ్ళు మొనలకి తగులుతున్నాయి. ఒంట్లోంచి పోయే కరెంటే చూపిస్తోందేమో. మొనలకి క్లిప్పులు తగిలించి, చేతులు వెనక్కి పెట్టుకుంది. ముల్లు దిగలేదు.

అప్పుడు వంగి, రేకుల మీదికి నోటితో 'హా' అని ఊదింది. అద్దం తుడిచే ముందు ఊదినట్టు.

ముల్లు సగందాకా ఎగిరింది. ఆవిరి ఆరేకొద్దీ మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ ఎగిరింది.

"మాస్టారూ!" అని అరిచింది దుర్గ. ఆ కొట్టులో ఆమె గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు. "చెమ్మండీ! పొద్దున్న చెమ్మకి పాకుతోందండీ!"

రేకుల మొదట్లో, పలక మీద సన్నటి తెల్లటి పూత, అంచుల్లో ఆకుపచ్చ చిలుము. వేలితో గీరి నాలిక చివర పెట్టుకుంది. ఉప్పగా, చల్లగా తగిలింది. చిన్నప్పటి నుంచీ తెలిసిన రుచి. తనే చల్లిన నవాసాగరం. పొగలో పోయింది పోగా మిగిలింది పలకంతా పరుచుకుని, గాల్లో చెమ్మ పీల్చుకుంటోంది. మధ్యాహ్నం ఎండ కాస్తే ఆరుతోంది, మళ్ళీ తెల్లారేసరికి తడుస్తోంది.

వసారాలోంచి తండ్రి వచ్చి పలక మీదికి తొంగి చూశాడు. "కళాయి పోశాక కడిగావా?"

"లేదు నాన్నా."

"నేనెప్పుడన్నా కడక్కుండా ఇచ్చానా గిన్నె? పోసి, తుడిచి, నీళ్ళలో ముంచి, ఇసకేసి తోమి గదా ఇచ్చేది? ఇన్నేళ్ళు తిత్తి ఊదావు, చివరిదాకా చూడలేదేటే?"

"చివర్లో నువ్వు నన్ను టీకి పంపేసేవాడివి."

"అదా!" అన్నాడు తండ్రి. "అయితే తప్పు టీది."

మాణిక్యాంబ ఊకపొయ్యి మీద గంజి కాచే గిన్నెలో నీళ్ళు కాచి తెచ్చింది. దుర్గ పలక ఊడదీసి, నీళ్ళు మార్చి మార్చి బ్రష్షుతో తోమింది. తర్వాత స్పిరిట్ తో తుడిచింది. బయట ముసురు పట్టి ఎండ జాడ లేకపోవడంతో ఊకపొయ్యి పక్కన ఆనించి ఆరబెట్టింది. వేడి ఎక్కువై హైలం వంగకుండా తండ్రి దాన్ని అప్పడం తిప్పినట్టు తిప్పుతూ కూర్చున్నాడు. ఆరాక రేకుల సందుల్లో, షెడ్డులో రాగి చుట్టలకి వేసే వార్నిష్ పల్చగా పూసింది. మళ్ళీ క్లిప్పులు తగిలించి ఊదింది. ముల్లు ఉన్నచోటే ఉంది. గట్టిగా ఊదింది. ఉహూఁ. తండ్రి వచ్చి, ఏళ్ళ తరబడి చుట్ట కాల్చిన ఊపిరంతా దాని మీదికి వదిలాడు. ముల్లు పడుకునే ఉంది.

శనివారం సాయంత్రానికి తీగలన్నీ తిరిగి అతికి, మాస్టారి చెవితో స్వరాలన్నీ కొత్తగా కుదిరాయి.

ఆదివారం తెల్లారేసరికి కుండపోత వాన. మిల్లు షెడ్డు రేకుల మీద చినుకులు దడదడమంటున్నాయి, నేలంతా చెమర్చింది. వానకి తలదాచుకుందామని వచ్చిన హమాలీలు బస్తాల మీద చేరి కూర్చున్నారు. దుర్గ ప్లాస్టిక్ కాగితం విప్పి హార్మోనియం బల్ల మీద పెట్టింది. చంద్రరావు కుడికాలు పెడలు మీద పెట్టుకుని, కింది షడ్జమం నొక్కాడు. వింటూ కాసేపు అలాగే పట్టుకున్నాడు. గాంధారం నొక్కాడు. పంచమం నొక్కాడు. దుర్గ ఆయన నుదుటి వైపే చూస్తోంది. నుదురు ముడిపడలేదు.

"కానీయవయ్యా" అన్నాడు గున్నేశ్వరరావుతో.

గున్నేశ్వరరావు గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం జాగ్రత్తగా పాడాడు, కొత్త ఎద్దుని కాడికి కట్టినవాడు నడిపించినట్టు, ఒక చెవి హార్మోనియం మీదే పెట్టి. రెండో పాదానికి ఆ చెవి అక్కడి నుంచి తీసేశాడు. మూడో పాదం చివర రాగం ఎత్తుకుని, ఎప్పటిలా ఎటు పడితే అటు పోయాడు. మీటల మీద మాస్టారి వేళ్ళు ఆయన వెంటే పోయాయి. ఆయన పైకెక్కితే ముందే ఎక్కి కూర్చున్నాయి, దిగితే చెయ్యి అందించాయి. కుడికాలు పెడలు మీద శ్వాస తీసినట్టు లేస్తూ పడుతూ ఉంది. వాన హోరులో ఆ శబ్దం రీడు గొంతులా లేదు. అంతకంటే కాస్త కరుకుగా, సన్నాయిలా ఉంది. కానీ అది చంద్రరావు గొంతే. ఎవరూ పొరబడే వీల్లేదు.

పద్యం ముగిసేసరికి బస్తాల మీది హమాలీలు లేచి నిలబడ్డారు. "ఒన్స్‌మోర్!" అని ఒకడు అరిచాడు. నాటకం పందిట్లో అరిచినట్టే. "ఒన్స్‌మోరండీ! మాస్టారి కోసం!"

గున్నేశ్వరరావు హార్మోనియం దగ్గరికొచ్చి వంగి, తిత్తి లేని ఆ పెట్టెని ఒకసారి చుట్టూ చూశాడు. దుర్గకి నమస్కారం పెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి, "రామచంద్రపురం ఆయనకి ఫోన్ చేసి చెప్పండయ్యా, ఈసారి ఆటకి ప్రేక్షకుడిగా రమ్మని. మాస్టారు వచ్చేశారని చెప్పండి" అన్నాడు.

రెండోసారి పాడాడు. మూడోసారీ అడిగారు, పాడాడు. నాలుగోసారి అడిగేసరికి గొంతు బొంగురుపోయి, చేతులు జోడించి వేడినీళ్ళు తెమ్మన్నాడు.

"అప్పుడేనా?" అన్నాడు చంద్రరావు, మీటల మీద నుంచి చెయ్యి తియ్యకుండానే. "నాకింకా చెయ్యి వేడెక్కలేదయ్యా!"